భారత ప్రజలది ఏ నామం?

తిరుపతి చూడని తెలుగువాడు లేడంటారు. నేను ఒప్పుకోను. మీరు చూసింది కొండ. కింద ఉన్న ఊరు మీకు బస్సు కిటికీలోంచి కనబడింది, అదీ సగం నిద్రలో, లడ్డూ సంచీ ఒళ్లో పెట్టుకుని. నేను ఈ జనవరిలో తిరుపతి వెళ్లి, కొండెక్కకుండా, స్వామి ముఖం చూడకుండా, ఒక రాయిని చూసి వచ్చాను. మీలో ఎవరూ వెళ్లని తిరుపతి అది కాబట్టి రాస్తున్నాను.

గూడూరు

ముందు నా హోదా చెప్పాలి. మన దేశం పుట్టుకలో దైవభక్తి పాలు ఎంత అన్న అంశం మీద చిత్తూరు జిల్లాలో జరగబోయే ఒక మహాచర్చకు నన్ను అధ్యక్షుడిగా పిలిపించారు. రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీద తెలిసినవాళ్లందరికీ ఇదే చెప్పాను. నిమ్మకాయల మండీలో నాతోపాటు వేలం పాటలు పాడిన సుబ్బరామయ్య నన్ను ఎగాదిగా చూసి, "నిన్నా?" అన్నాడు. "నన్నే" అన్నాను. "ఆ జిల్లాలో మనుషులు అంత కరువైపోయినారా" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఇది. మా చెల్లెలు కమలమ్మను చిత్తూరుకు అవతల, అరవదేశం పొలిమేరలో ఉన్న దిగువపల్లెలో ఇచ్చాం. దాని మొగుడు మునిరత్నం రెడ్డి మామిడి తోటల ఆసామి. దేవుణ్ణి నమ్మడు. వాళ్ల ఎదురింట్లో శేషాచారి ఉంటాడు. ఆ ఊరి హైస్కూల్లో తెలుగు అయ్యవారుగా చేసి, రిటైరై, భార్య పోయాక కూడా అక్కడే ఉండిపోయినవాడు. నుదుట నామం లేకుండా గడప దాటడు. ఈ ఇద్దరూ రోజూ పొద్దున్నే మా చెల్లెలి ఇంటి అరుగు మీద కూర్చుని, ఒకే పేపరును చెరి సగం పంచుకుని చదువుతూ, దేవుడున్నాడా లేడా అని పోట్లాడుకుంటారు. మా చెల్లెలు కాఫీలు ఇస్తుంది. ఆ పోట్లాటే వాళ్ల స్నేహం. వేరే స్నేహం వాళ్లకు లేదు.

ఈసారి గణతంత్ర దినానికి హైస్కూలు గోడకు, రాజ్యాంగంలోని మొదటి మాటలు చెక్కిన రాయి పెట్టాలనుకున్నారు. ఖర్చు రెడ్డిది, అక్షరాలు సరిచూసే పని చారిది. తిరుపతిలో ఒక శిల్పికి పురమాయించారు. రాయి తయారయ్యాక శిల్పి మునిరత్నానికి ఫోన్లో ఫొటో పంపాడు. "భారత ప్రజలమగు మేము" అని ముత్యాల్లా చెక్కాడు. దాని నెత్తిన శంఖం, చక్రం, రెంటి మధ్యా నిలువు నామం కూడా చెక్కాడు.

మునిరత్నం చారి మీద పడ్డాడు. నా రాయిలోకి నీ దేవుణ్ణి దొంగతనంగా దూర్చావన్నాడు. నేను చెప్పలేదన్నాడు చారి. అబద్ధమాడుతున్నావన్నాడు మునిరత్నం. ఇన్నేళ్ల పోట్లాటల్లో వాళ్లు ఒకరినొకరు మూర్ఖుడనీ, మొండివాడనీ, మతి పోయినవాడనీ అనుకున్నారు గానీ, ఆ ఒక్క మాట ఎన్నడూ అనుకోలేదు. చారి ఇంటికి తాళం వేసి తిరుచానూరులో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు. నెలాఖరుకు దిగువపల్లె ఇల్లు బాడుగకిచ్చేస్తాననీ, ఇక ఈ జన్మకు అటు రానని కబురు పెట్టాడు.

అప్పుడు మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు పొయ్యి ఆ సామిని తోడుకొని రా. ఆయన ల్యాక ఈయప్ప పొద్దస్తమానం నాతోనే వాదిస్తా ఉండాడు. నిన్న సాంబార్లో ఇంగువ ఎందుకెయ్యాల, కారణం సెప్పు అన్నాడు."

ఇదీ నా అధ్యక్ష పదవి.

రైల్లో

ఎదుటి సీట్లో విజయవాడ దంపతులు. వాళ్లకూ నా హోదా చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, "స్వాతంత్య్రం వచ్చిన రోజు మీకు గుర్తుందా తాతగారూ" అంది.

"గుర్తులేకేం తల్లీ. మా నాయన భుజాల మీద కూర్చుని గూడూరు స్టేషను మీద జెండా ఎక్కడం చూశాను. జనమంతా ఒక్క గొంతుతో గోవిందా అని అరిచారు."

వెంటనే జంతికల డబ్బా నా వైపు జరిగింది. భర్త ఉత్సాహపడిపోయి, "చూశావా, దేవుడి దయ లేకపోతే వచ్చేదా మనకి స్వాతంత్య్రం" అన్నాడు. ఆమె, "జైళ్లకెళ్లినవాళ్ల వల్ల వచ్చింది. దేవుడు మధ్యలో ఏం చేశాడు? అప్పటిదాకా తెల్లవాళ్లని ఉండనిచ్చింది కూడా ఆయనేగా" అంది. కాసేపటికి ఆయనకు ఒక జవాబు తోచింది, ఆమెకు ఇంకోటి తోచింది. రేణిగుంట దాకా నేను జంతికలు తింటూ అధ్యక్షత వహించాను.

స్వాతంత్య్రం వచ్చేనాటికి నేను పుట్టలేదు. మా నాయనకు పెళ్లి కూడా కాలేదు. జనం చేత గోవిందా అనిపించింది నేనే. కానీ రైలు దిగాక ఒక ఆలోచన పట్టుకుంది. నిజంగా ఆ రోజు మా గూడూరులో జనం ఏమని అరిచి ఉంటారు? దేశాన్ని పిలిచారా, దేవుణ్ణి పిలిచారా? అడగడానికి ఇప్పుడు అక్కడున్నవాళ్లెవరూ మిగల్లేదు. అందుకే నాలాంటివాళ్లు ఏం చెప్పినా చెల్లుతోంది.

తిరుపతి

కొండకు వెళ్లనివాణ్ణి తిరుపతిలో ఎవరూ నమ్మరు. స్టేషను బయట ఆటో ఆయన, "కొండకా సామీ" అన్నాడు. కాదన్నాను. "దర్శనం అయిపోయిందా?" లేదన్నాను. "రేపు సేస్తారా?" చెయ్యనన్నాను. ఆయన ఇంజను ఆపేసి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఎవరన్నా పోయినారా సామీ" అని అడిగాడు. అశౌచం ఉంటే తప్ప ఇంత దూరం వచ్చి కొండెక్కకుండా ఎవడుంటాడని ఆయన లెక్క. ఒక రాయిని చూడడానికి వచ్చానని చెప్పాను. "కొండంతా రాయే గదా" అని గొణుక్కుంటూ మళ్లీ ఇంజను వేశాడు.

మధ్యలో ఒక హోటల్లో పొంగలి తిన్నాను. మా వైపు ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, నెయ్యి పోసుకుని, ఎండలో తిరిగినట్టు చెమటలు కక్కుతూ తింటాం. ఇక్కడ అరవ పద్ధతి. పొంగలి గుండ్రంగా తెచ్చి పెట్టి, "సాంబారు పక్కనా, ముంచేదా" అని అడుగుతారు. ముంచమన్నాను. నిజంగానే ముంచాడు. మిరియం పంటికి తగిలినప్పుడల్లా పొంగలి ఇంకా ఉందని తెలిసేది. నాలుగు ప్లేట్లు తిన్నాను. నాలుగు కాదు, రెండు. రెండోది కూడా కట్టించుకుని ఆటోలో తిన్నాను.

తిరుచానూరు

అమ్మవారి గుడి వీధుల్లో పూలమ్మేవాళ్లు మనిషిని దాటనివ్వరు. తామరపూలు ముఖం దగ్గర పెట్టి, "అమ్మకు తీస్కపో నాయనా" అంటారు. చారి తమ్ముడి ఇంటికి చేరేసరికి నా చేతిలో రెండు తామరపూలు, మెడలో ఎందుకు కొన్నానో తెలియని తులసిమాల ఉన్నాయి.

చారి వరండాలో మడత మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం మీద నామం తాజాగా ఉంది. ముఖమే పాతబడింది.

"ఏమప్పా గూడూరు రెడ్డీ, నిన్ను రాయబారం పంపినాడా?"

"లేదు స్వామీ. చర్చకు అధ్యక్షుణ్ణి."

"చర్చ యాడుండాది? అబద్ధమాడినావన్నాక చర్చ అయిపోలా?"

ఆయన మరదలు చిన్న పళ్లెంలో పులిహోర, దద్దోజనం పెట్టింది. నేను తింటుంటే చారి చెప్పుకుపోయాడు. "ఇను. నేను నామం చెక్కమనలా. ఆ మాట మొదట చెప్పినా. కానీ ఇప్పుడు అడగతా ఉండాను, చెక్కితే తప్పేమి? లాఠీ దెబ్బలు తిన్నోళ్లు ఏం పాడుకుంటా పోయినారు? భజన పాడుకుంటా పోయినారు. జైళ్లలో పొద్దున్నే లేచి ప్రార్థనలు చేసినారు. ఆ భక్తి ల్యాకుంటే జనం ఆ పొద్దు వీధిలోకి వచ్చుండేవాళ్లా? దేశానికి పునాది అదే."

"మరి రాజ్యాంగం మొదట్లో దేవుడి పేరు లేదే స్వామీ."

"పునాది యాడన్నా బయటికి కనపడతాదా?"

"అయితే నామం మాత్రం ఎందుకు కనబడాలి?"

చారి చెయ్యి తాంబూలం పళ్లెం మీద ఆగిపోయింది. నేను ఈ మాట ముందే ఆలోచించి పెట్టుకుని వచ్చానని మీరనుకోవచ్చు. అది నోట్లోంచి జారింది. పని చెడిపోతుందని భయపడి వెంటనే పెద్ద అస్త్రం తీశాను.

"అదంతా ఉంచండి స్వామీ. మునిరత్నం రాగి సంగటి మానేశాడు."

చారి తలెత్తాడు. "రాత్రి పూటా?"

"అసలుకే. ముద్ద గొంతు దిగడం లేదట. మనిషి ఎండిపోయి మామిడి టెంకలా ఉన్నాడు. రాత్రిళ్లు స్వామీ స్వామీ అని కలవరిస్తున్నాడట."

నేనప్పటికి మునిరత్నాన్ని చూసి ఏడాదైంది. ఆ ముందురోజు ఆయన నాటుకోడి పులుసుతో రెండు ముద్దల సంగటి తిని మూడోది అడిగాడని చెల్లెలు ఫోన్లో విసుక్కుంది. కానీ ఆ మాట విన్న చారి ముఖం చూసి ఉంటే మీరూ ఇంకో అబద్ధం కలిపేవారు.

చారి తాంబూలం పళ్లెం పక్కకు నెట్టి, "వాని కోసరం కాదు. అబద్ధమాడినానన్న మాట నెత్తిన మోసుకుంటా ఈడ బతకలేను. ముందు ఆ రాయి చూస్తా. చూసినాక వాని నోటితోనే వెనక్కు తీసుకునేట్టు చేస్తా. తీసుకోకుంటే అదే బండిలో తిరిగొస్తా" అన్నాడు.

మరదలు ఆయన సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో ఒక్క జత బట్టలే పెట్టింది. ఆమె కూడా తిరిగొస్తాడనే అనుకుంటోంది.

అలిపిరి దారి

రాళ్లు చెక్కే కొట్టు అలిపిరి వెళ్లే దారిలో ఉంది. శిల్పి పేరు ఏలుమలై. తలకు తువ్వాలు, ఒళ్లంతా రాతి పొడి, మాట్లాడితే కనురెప్పల మీంచి కూడా రాలుతుంది. కొట్టు ముందు రాళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇంటి పేర్ల రాళ్లు, దాతల రాళ్లు, కల్యాణ మండపాల రాళ్లు. అన్నింటి నెత్తినా శంఖం, నామం, చక్రం. బోరుబావి రాయికీ నామమే. మరుగుదొడ్లు కట్టించిన దాత రాయికీ నామమే. మరుగుదొడ్ల రాయి నేను కల్పించాను, అది సైకిల్ స్టాండు రాయి. మిగతావన్నీ నిజం.

మన రాయి ఒక పక్కగా గోనెపట్టా కప్పుకుని ఉంది. చారి పట్టా తీసి, ముందు అక్షరాలన్నీ చదివాడు. ఒత్తులు, దీర్ఘాలు వేలితో తడిమాడు. ఒక్క తప్పు లేదు. అప్పుడు తల పైకెత్తి నామం చూశాడు.

"ఏలుమలై, ఇది పెట్టమని నేను చెప్పినానా?"

"మీరెందుకు చెప్తారు సామీ? నేనే పెట్టినా. తలకాయ మీద ఏమీ ల్యాకుండా రాయి ఎట్లా ఇచ్చేది? మా నాయన కాలం నుంచి ఇచ్చింది ల్యా."

"చెప్పకుండానే పెడతావా?"

"కింద పేరు చూసి పైన గుర్తు పెడతాం సామీ. శివుని వాళ్లయితే విభూతి పట్టెలు. సాయిబులు వస్తే నెలవంక. ఏసు వాళ్లయితే సిలువ. అయ్యంగార్లయితే మటుకు అడిగి పెడతాం, పాదం ఉండాల్నా వద్దా అని. దీనికి కింద భారత ప్రజలు అని రాసిచ్చినారు. ఇంటి పేరు ల్యా. ఊరు పేరు ల్యా. ఫోన్ చేస్తే మీరు ఎత్తలా. సరే, రాయి తిరుపతిలో ఉండాది గదా అని నామం పెట్టినా." ఉలి కింద పెట్టి, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "తప్పయితే చెప్పండి సామీ. భారత ప్రజలది ఏ నామం? అదే చెక్కుతా."

చారి తెలుగు అయ్యవారు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పడం వృత్తి. రాయి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. వచ్చి నామాన్ని మరీ దగ్గరగా చూసి, ఉన్నట్టుండి నా భుజం పట్టుకుని ఊపాడు.

"రెడ్డీ, దీనికి పాదం ఉండాది చూడు."

తెలియనివాళ్లకు చెప్పాలి. వైష్ణవుల నామాలు రెండు రకాలు. వడకలై నామం కింద గుండ్రంగా తిరిగి ఆగిపోతుంది. తెంకలై నామానికి ముక్కు మీదికి దిగే చిన్న పాదం ఉంటుంది. ఆ పాదం కోసం పూర్వం కోర్టులకెక్కినవాళ్లున్నారు. చారి వడకలై. ఆయన చెప్పి చెక్కిస్తే ఆ పాదం ఉండనే ఉండదు. ప్రాణం పోయినా ఉండదు.

"నా నిర్దోషిత్వం రాతి మీద చెక్కి ఉండాది రెడ్డీ" అన్నాడు చారి. వారం రోజులుగా నవ్వని ముఖం నవ్వడం కష్టపడి గుర్తు తెచ్చుకుంది.

కాణిపాకం

రాయిని ఒక బుల్లి లారీలో ఎక్కించారు. అరవ సాంగత్యం వల్ల దాన్ని అక్కడ కుట్టియానై అంటారు, అంటే ఏనుగు పిల్ల. నడిపేవాడు మణి, మీసాలున్న పెద్దమనిషి. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. వెనక రాజ్యాంగం పడుకుని ఉంది.

కొంతదూరం వెళ్లాక చారి ఉత్సాహం మీద నేనే నీళ్లు చల్లాల్సి వచ్చింది. "స్వామీ, నామానికి పాదం ఉందా లేదా అన్నది మునిరత్నానికి ఎట్లా తెలుస్తుంది? ఆయనకు రెండూ ఒకటే కదా."

చారి ముఖం మళ్లీ వాడింది. మణి గేరు మార్చి, "అయితే కాణిపాకంలో ప్రమాణం సెయ్యండి సామీ. దారిలోనే గదా. ఆడ నీళ్లలో మునిగి ఇనాయకుని ముందర అబద్ధం సెప్పినోడు బాగుపడింది ల్యా. నన్నడిగితే దేశం పుట్టినప్పుడే ఈ రాజ్యాంగం రాసినోళ్లను, దాన్ని ఏలేవాళ్లను, అందర్నీ ఈడికి తోలుకొచ్చి ముంచాల్సింది. నోటితో సెప్పించి వదిలేసినారు. అందుకే ఇట్లా ఉండాది" అన్నాడు.

దేశానికి దేవుడు ఎందుకు కావాలో నేను విన్నవాటిలో ఇంత పనికొచ్చే కారణం ఇంకొకటి లేదు.

చారికి ఒక ఇబ్బంది ఉంది. ఆయన వంశంలో వినాయకుడికి మొక్కినవాళ్లు లేరు. కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, "మా వాళ్లు ఆయన్ను తుంబిక్కై ఆళ్వారు అంటారు. తొండమున్న భక్తుడని. ఆ పేరుతో దండం పెడితే తప్పు ల్యా" అని తీర్పు ఇచ్చుకున్నాడు.

జనవరి చలిలో గుడి కోనేట్లో మునిగాడు. తడిబట్టలతో వణుకుతూ ప్రమాణం చేశాడు. నేనూ ఆయనతోపాటు మునిగాను. మునగలేదు. కాళ్లు తడుపుకుని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకున్నాను. బయటికొచ్చి వేడి వేడి అలసంద వడలు మాత్రం ఇద్దరం సమానంగా తిన్నాం.

దిగువపల్లె

మేం దిగేసరికి మునిరత్నం అరుగు మీద కూర్చుని, సంగటి ముద్దను ఊరిబిండిలో, అంటే చెనిక్కాయల పచ్చడిలో, అద్దుకుని మింగుతున్నాడు. బొజ్జ పంచె మీదుగా నిండుగా ఉంది. చారి నా వైపు చూశాడు.

"ఎండిపోయినాడన్నావే."

"దిగులుతో ఉబ్బాడు స్వామీ."

మునిరత్నం చేయి కడుక్కున్నాడు. స్వామీ రా అనలేదు. పో అనలేదు. కానీ ఆయన పక్కన పేపరు ఉంది. సగం చదివి, మిగతా సగం మడత విప్పకుండా పెట్టి ఉంది. దాని కింద నిన్నటిదీ, మొన్నటిదీ అట్లాగే సగం సగం ఉన్నాయి.

అందరం హైస్కూలుకు నడిచాం. రాయి దించి గోడకు ఆనించారు. ఊళ్లోవాళ్లు పదిమంది చేరారు. హెడ్మిస్ట్రెస్ విజయకుమారి వచ్చి, "రేపు పొద్దున జెండా ఎగరెయ్యాల. రాయి గోడకుండాల్నా, ల్యాదా, అది తేల్చండి సారూ" అంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది నిజం. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు, కానీ కుర్చీ.

నామం తానే పెట్టానని ఏలుమలై ఒప్పుకున్న సంగతి నేను చెబితే, సామి చెప్పమంటే శిల్పి ఏమైనా చెప్తాడని మునిరత్నం కొట్టిపారేశాడు. చారి రాయి దగ్గరికి వెళ్లి పాదం చూపించాడు. వడకలై, తెంకలై వివరించాడు. మునిరత్నం అంతా విని, "కాలుంటే ఏమి, చెయ్యుంటే ఏమి? నాకు నామం నామమే" అన్నాడు.

"కాణిపాకంలో మునిగి ప్రమాణం చేసొచ్చినా. ఈ రెడ్డే సాక్షి."

"ఆ దేవుడే ల్యాడని నేనంటా ఉంటే, ఆయన ముందర సేసిన ప్రమాణాన్ని యాడ పెట్టుకునేది?"

ఇక చర్చ రాయిని వదిలి దేశం మీద పడింది. మునిరత్నం గొంతు లేచింది. "దేవుని పేరుతో మొదలు పెడదామని ఆ పొద్దు రాజ్యాంగం రాసే సభలో అడిగినారు. ఓట్లేసినారు. వద్దనుకున్నారు. కింద ఏమని ఉండాది సూడు. మాకు మేము ఇచ్చుకుంటా ఉండాము అని ఉండాది. మనకు మనం ఇచ్చుకున్న దాని మీద ఇంకొకరి సంతకం ఎందుకు?"

చారి, "వద్దన్నోళ్లలో ఎంతమంది పొద్దున్నే దండం పెట్టుకొని వచ్చి వద్దన్నారో నీకు తెలుసునా? దేవుడు ల్యాడని కాదు వాళ్లన్నది. దేవుణ్ణి ఓటుకు పెట్టేది మర్యాద కాదని. వాళ్లకు ఆ ధైర్యం యాడిది? నమ్మకం నుంచే వచ్చింది" అన్నాడు.

"ఆకలి నుంచి వచ్చింది. పన్నుల నుంచి వచ్చింది."

"ఆకలి ఉన్నోడు అన్నం అడగతాడు. దేశం అడగడు."

ఊళ్లోవాళ్లకు ఈ మాట నచ్చి తలలూపారు. తర్వాత మునిరత్నం చెప్పిందీ నచ్చి మళ్లీ ఊపారు. ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి. చూస్తే పాత స్నేహం తిరిగొచ్చినట్టే ఉంది. నేను లేచి చర్చ ముగించబోయాను. అప్పుడు చారి మునిరత్నం వైపు తిరిగి హఠాత్తుగా గొంతు తగ్గించాడు.

"ఇదంతా సరే రెడ్డీ. దేశం సంగతి మనం సచ్చేదాకా మాట్లాడుకోవచ్చు. నేను అబద్ధమాడినానా, ల్యాదా? అది చెప్పు. బండి ఆడనే ఉండాది."

మునిరత్నం నేల చూశాడు. వెనక్కు తీసుకోవాలని ఆయనకుంది. కానీ రుజువు లేకుండా దేన్నీ నమ్మనని బతుకంతా అరుగు మీద చెప్పిన మనిషి, ఊరి ముందు ఊరికే నమ్మానని ఎట్లా అంటాడు?

"నమ్మనోని దగ్గర నమ్మేవాడు ఎట్లా ప్రమాణం చెయ్యాల అధ్యక్షా?" అని చారి నన్నడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అబద్ధం కూడా లేదు.

విజయకుమారి సోషల్ టీచరు కూడా. "దానికి రాజ్యాంగంలోనే దారి ఉండాది గదా సామీ. మంత్రులు సెయ్యడంలా? ఇష్టమైనోళ్లు దైవసాక్షిగా అంటారు. ల్యాకుంటే ఆత్మసాక్షిగా అంటారు. రెండూ సమానమే" అంది.

చారి ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆవలిస్తే గోవిందా అనే మనిషి, తుమ్మితే నారాయణా అనే మనిషి. గొంతు సవరించుకుని మంత్రిలాగా నిటారుగా నిలబడ్డాడు.

"శేషాచారి అనే నేను, ఆ రాయి మీద నామం చెక్కమని ఎవరితోనూ చెప్పలేదని, ఆత్మసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."

మునిరత్నం మెల్లగా అడిగాడు. "నీ ఆత్మలో దేవుడు ల్యాడా సామీ?"

"ఉండాడు. ఈ పొద్దు బయట నిలబెట్టినా. నీ కోసరం."

మునిరత్నం ముందుకొచ్చాడు. కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరైనా ఆపుతారేమో అనుకున్నట్టుంది.

"మునిరత్నం రెడ్డి అనే నేను..." అని ఆగి, చారి వైపు చూశాడు. "ఈ సామి అబద్ధమాడలేదని, దైవసాక్షిగా నమ్ముతా ఉండాను."

మా చెల్లెలు జనం వెనక నుంచి, "ఇంకొక్కసారి సెప్పు, ఫోన్లో పట్టుకుంటా" అంది.

ఆ తర్వాత

ఇక్కడితో ముగిస్తే కథ అందంగా ఉండేది. కానీ వెంటనే మళ్లీ గొడవ మొదలైంది. నామం ఉండనీలే అన్నాడు మునిరత్నం. తీసెయ్యాల్సిందే అన్నాడు చారి. "ఏలుమలై అడిగినదానికి నా దగ్గర జవాబు ల్యా. జవాబు తెలియని చోట ఖాళీగా వదిలేదే మేలు" అన్నాడు. "నీ దేవుణ్ణి నువ్వే తీయించేది ఏం న్యాయం" అని మునిరత్నం కేకలు వేశాడు. ఎవరు ఏ పక్షమో ఊరివాళ్లకు అర్థం కాక ఇళ్లకు వెళ్లిపోయారు. చివరికి విజయకుమారి చిత్తూరు నుంచి మిషను పిలిపించి, రాయి తలభాగం పట్టీలాగా కోయించింది. మర్నాడు జెండా కింద రాయి నిలబడింది. "భారత ప్రజలమగు మేము" పైన ఏమీ లేదు.

మిగిలింది కోసిన ముక్క. శంఖం, నామం, చక్రం ఉన్న రాయిని పారెయ్యలేరు. బడిలో పెట్టలేరు. స్వామీ, మీ ఇంటికి తీసుకెళ్లండి అన్నాను. చారి వెనక్కి జరిగాడు. పాదం ఉన్న నామాన్ని తన గడప లోపలికి రానివ్వనన్నాడు.

"అయితే మా ఇంట్లో పెట్టండప్పా" అన్నాడు మునిరత్నం. "నాకు ఏ నామమైనా ఒకటే."

అరుగు మీద, వాళ్లు పేపరు చదివే చోట, గోడలో దాన్ని పొదిగారు.

నేను బయల్దేరే పొద్దున ఎదురింటి తాళం తీసి ఉంది. చారి స్నానం చేసి, చేతిలో ఒక గన్నేరు పువ్వుతో వీధి దాటి వచ్చాడు. మునిరత్నాన్ని పలకరించలేదు. నామం ముందు నిలబడి, ఆ పాదాన్ని చూసి మూతి ముడుచుకున్నాడు. అయినా స్వామి స్వామే కదా, పువ్వు పెట్టి దండం పెట్టుకున్నాడు. తర్వాత కూర్చుని చెయ్యి చాపాడు. మునిరత్నం సగం పేపరు ఇచ్చాడు. మా చెల్లెలు కాఫీలు తెచ్చింది.

గాలికి పువ్వు జారి నేల మీద పడింది.

"పువ్వు పడింది సామీ" అన్నాడు మునిరత్నం, పేపరు చాటు నుంచి.

చారి లేవబోయాడు. ఆ లోపల మునిరత్నమే వంగి తీసి, అటూ ఇటూ చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక శంఖం మీద పెట్టాడు.

"ఆడ కాదు" అన్నాడు చారి.

"ఎందుకు కాదు?" అన్నాడు మునిరత్నం.